కొండల్లో కంటిచూపే ఆధారం: మబ్బు కమ్మితే చిన్న విమానానికి ముప్పేమిటి?

నేపాల్‌లోని పోఖరా నుంచి జోమ్‌సోమ్‌కు విమాన ప్రయాణం సుమారు 20 నిమిషాలే. ఒక వైపు 8,091 మీటర్ల అన్నపూర్ణ, మరో వైపు 8,167 మీటర్ల ధవళగిరి. ఆ రెంటి నడుమ కాళీ గండకి లోయ వెంట ట్విన్ ఆటర్ వంటి చిన్న విమానాలు నేలను, కొండలను కంటితో చూసుకుంటూ సాగుతాయి. ముక్తినాథ్‌కు వెళ్లే భారతీయ యాత్రికులకు ఇది పరిచితమైన దారి. పొద్దెక్కేకొద్దీ లోయలో గాలి ఉధృతమవుతుంది కనుక రాకపోకలు ప్రధానంగా ఉదయం వేళే జరుగుతాయి.

ఈ దారిలోనే 2016 ఫిబ్రవరి 24న 23 మంది, 2022 మే 29న నలుగురు భారతీయులు సహా 22 మంది మరణించారు. రెండూ తారా ఎయిర్ విమానాలే. పైలట్ల అదుపులో ఉన్న విమానమే మబ్బులో దారి తప్పి కొండను ఢీకొన్నదని రెండు దర్యాప్తులూ తేల్చాయి.

దృశ్య నియమాల ప్రకారం నడిచే విమానం మబ్బులోకి వెళ్లరాదు. పది వేల అడుగుల లోపు 5 కిలోమీటర్ల మేర, ఆపైన 8 కిలోమీటర్ల మేర ముందున్నది కనిపించాలన్నది అంతర్జాతీయంగా సాధారణ ప్రమాణం. మబ్బుకు అడ్డంగా 1,500 మీటర్లు, నిలువునా వెయ్యి అడుగుల దూరం పాటించాలి. ఇరుకు లోయలో ఈ అంకెలను నిలుపుకోవడం ఎంత కష్టమో చెప్పనక్కర లేదు.

చూపు పోయిన వెంటనే శరీరం మోసగిస్తుంది. విమానం మెల్లగా ఒక పక్కకు ఒరిగి తిరుగుతూ ఉంటే, లోపలి చెవిలోని ద్రవం కొంతసేపటికి ఆ వేగాన్ని అందుకుంటుంది. తిన్నగానే పోతున్నామని అనిపిస్తుంది. సరిచేస్తే ఎదురు దిక్కుకు తిరుగుతున్న భ్రమ కలుగుతుంది. పైలట్ మళ్లీ పాత ఒరుగులోకే జారుకుంటాడు. పరికరాలపై శిక్షణ లేని 20 మందిని 1954లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయం పరీక్షించగా, వారు అదుపు కోల్పోవడానికి పట్టిన సగటు కాలం 178 సెకన్లు.

కొండలు దీనికి మరో చిక్కు కలుపుతాయి. ఎత్తున గాలి పలుచన. ఇంజిన్ బలం, పైకెగసే శక్తి తగ్గుతాయి. అసలు వేగం పెరగడంతో వెనుదిరగడానికి కావలసిన వలయం పెద్దదవుతుంది. లోయ మాత్రం పైకి పోయేకొద్దీ ఇరుకవుతుంది.

నేల దగ్గరపడితే హెచ్చరించే పరికరం ఉంది కదా అనవచ్చు. లోయలో కొండ ఎప్పుడూ చేరువలోనే ఉంటుంది. హెచ్చరిక పదేపదే మోగి విసిగిస్తుంది. 2022 ప్రమాదంలో ఆ పరికరాన్ని నిలిపివేసి ఉంచినట్లు దర్యాప్తులో తేలింది. వాతావరణం మీద జరిగినంత చర్చ ఈ అంశం మీద జరగలేదు.

హెలికాప్టర్లూ మినహాయింపు కాదు. 2009 సెప్టెంబరు 2న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్ 430, రెండు ఇంజిన్లు, ఇద్దరు పైలట్లు ఉండి కూడా వర్షమేఘాల్లో చిక్కి నల్లమలలో కూలింది; ఐదుగురూ మరణించారు. 2022 అక్టోబరు 18న కేదార్‌నాథ్ సమీపంలో మంచు కమ్మిన వేళ హెలికాప్టర్ కూలి ఏడుగురు అసువులు బాశారు.

అనుభవజ్ఞులైన కొండ పైలట్లు లోయ నడుమ కాక ఒక అంచుకు చేరువగా నడుపుతారు. వెనుదిరగవలసి వస్తే లోయ వెడల్పంతా చేతిలో ఉంటుంది. ఆ మలుపు కూడా ముందున్న కొండ ఇంకా కంటికి కనిపిస్తుండగానే తీసుకోవాలి.