తలకిందులైన భుజం

రివర్స్ షోల్డర్ రీప్లేస్‌మెంట్ జరిగిన భుజాన్ని ఎక్స్‌రేలో మొదటిసారి చూసినవారికి, బిగించినవారే పొరబడ్డారేమోనన్న అనుమానం కలుగుతుంది. సహజంగా జబ్బ ఎముక పైభాగం బంతిలా ఉంటుంది. రెక్క ఎముకలో దానికి తగిన గుంట ఉంటుంది. ఈ ఎక్స్‌రేలో బంతి రెక్క ఎముకకు, గిన్నె జబ్బ ఎముకకు బిగించి ఉంటాయి. ఈ తారుమారే ఆ శస్త్రచికిత్స రహస్యమని చాలామంది భావిస్తారు. చరిత్ర అలా చెప్పదు. బంతినీ గిన్నెనూ తారుమారు చేసినవారు అంతకు ముందే అనేకులు ఉన్నారు. వారిలో చాలామంది విఫలమయ్యారు. ఆ వైఫల్యానికి కారణం గ్రహించిన తరువాతనే ఈ పద్ధతి నిలదొక్కుకుంది.

భుజం స్వభావంలోనే ఒక చిక్కు ఉంది. తుంటి కీలులో బంతి లోతైన గిన్నెలో కూర్చుంటుంది. భుజంలో గుంట సాసరువలె పలచనైనది. పెద్ద బంతి దాని మీద ఆనుకుని ఉంటుంది, అంతే. ఆ బంతిని గుంటకు అదిమి పట్టి ఉంచేది రోటేటర్ కఫ్ అనే నాలుగు కండరాల సముదాయం. అవి అలా పట్టి ఉంచితేనే, భుజం మీద గుండ్రంగా కనిపించే డెల్టాయిడ్ కండరం చేతిని పైకెత్తగలదు.

కఫ్ బాగా చిరిగి, ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతే బంతికి పట్టు పోతుంది. డెల్టాయిడ్ లాగినప్పుడు చెయ్యి లేవడానికి బదులు బంతి పైకి జారి, పైనున్న ఎక్రోమియన్ ఎముకను ఒరుసుకుంటుంది. ఇరుసు జారిన ఏతాన్ని ఎంత తొక్కినా బాన పైకి రాదు, ఇదీ అటువంటిదే. నరం పనిచేస్తూనే ఉంటుంది, కండరం బలంగానే ఉంటుంది, అయినా రోగి తన తల తాను దువ్వుకోలేడు. క్రమంగా కీలు అరిగిపోయే ఈ స్థితిని న్యూయార్క్ శస్త్రవైద్యుడు చార్లెస్ నీర్, ఆయన సహచరులు 1983లో వివరంగా వర్ణించారు. దానికి కఫ్ టేర్ ఆర్థ్రోపతీ అన్న పేరు స్థిరపడింది.

కృత్రిమ భుజం ప్రయత్నం అంతకంటే చాలా పాతది. 1893లో పారిస్‌లో జూల్ ఎమీల్ పేయాఁ క్షయ సోకిన ఒక యువకుడి భుజంలో ప్లాటినం, గట్టిపరచిన రబ్బరులతో చేసిన కీలును అమర్చాడు. దాన్ని తయారుచేసినది ఒక దంతవైద్యుడు. ఇన్‌ఫెక్షన్ తగ్గకపోవడంతో సుమారు రెండేళ్ళకు దాన్ని తీసివేయవలసి వచ్చింది. ఆధునిక యుగం నీర్‌తో మొదలైంది. ముక్కలైన జబ్బ ఎముక తలకు బదులు లోహపు తలను అమర్చిన ఫలితాలను ఆయన 1955లో ప్రకటించాడు. తరువాత గుంటకు ప్లాస్టిక్ తొడుగు కూడా చేరింది. కఫ్ బాగున్నవారికి ఈ కీళ్ళు చక్కగా ఉపయోగపడ్డాయి. కఫ్ లేనివారిలో మాత్రం బంతి పైకి జారి ప్లాస్టిక్ అంచును నొక్కేది, తొడుగు ఊగిపోయి వదులయ్యేది. వారికి నొప్పి కొంత తగ్గించడమే వైద్యులు చేయగలిగింది. చెయ్యి లేస్తుందని మాట ఇవ్వలేకపోయేవారు.

1970ల ఆరంభంలో లీడ్స్‌లో రీవ్స్, లండన్‌లో కెసెల్, బెర్లిన్‌లో కోల్బెల్ బంతిని రెక్క ఎముకకు తిప్పి బిగించే నమూనాలు రూపొందించారు. నీర్ కూడా అటువంటివి మూడు ప్రయత్నించి వదిలిపెట్టాడు. ఈ నమూనాలలో చాలావాటి లోపం ఒకటే. బంతి కేంద్రం ఎముకకు దూరంగా, బయటికి పొడుచుకు వచ్చి ఉండేది. గోడకు కొట్టిన మేకు కొసన బరువు వేలాడదీస్తే మేకు త్వరగా ఊడుతుంది; గోడకు ఆనించి వేలాడదీస్తే నిలుస్తుంది. చెయ్యి ఎత్తిన ప్రతిసారీ ఆ కొసబరువు రెక్క ఎముకలోని బిగింపును పెకలించేది.

ఫ్రాన్స్‌లోని దిజోఁ నగరంలో పనిచేసిన పోల్ గ్రామోఁ ప్రశ్ననే మార్చాడు. పోయిన కఫ్‌కు ప్రత్యామ్నాయం వెతకడం మాని, మిగిలిన డెల్టాయిడ్ ఒక్కదానితో చెయ్యి లేవాలంటే కీలు ఎలా ఉండాలి అని ఆలోచించాడు. భ్రమణ కేంద్రాన్ని శరీరం మధ్యభాగం వైపు జరిపి, జబ్బ ఎముకను కిందికి దింపితే రెండు ప్రయోజనాలు. కేంద్రానికి, కండరానికి మధ్య దూరం పెరిగి డెల్టాయిడ్ తక్కువ శ్రమతో ఎక్కువ పని చేస్తుంది. సాగి బిగుసుకోవడం వల్ల కీలును అదే అదిమి పడుతుంది. 1985లో చేసిన తొలి నమూనాలో బంతి గోళంలో మూడింట రెండు వంతులు. 1987లో ఎనిమిది భుజాల ఫలితాలు వెలువడ్డాయి. నొప్పి తగ్గింది గాని, చెయ్యి లేవడం అందరిలో ఒక్కతీరుగా లేదు. అటువంటి బంతి కేంద్రం ఇంకా ఎముకకు వెలుపలే ఉంటుంది. అందువల్ల 1991 నాటి నమూనాలో బంతిని అర్ధగోళానికి తగ్గించారు. కేంద్రం సరిగ్గా ఎముక ఉపరితలానికి చేరింది. సిమెంటుకు బదులు మధ్యలో ఒక మేకు, చుట్టూ స్క్రూలు వచ్చాయి. డెల్టాయిడ్‌ను తలపిస్తూ దానికి డెల్టా అని పేరు పెట్టారు.

అమెరికాలో ఈ కీలుకు 2003 చివరలో అనుమతి లభించింది. నేడు అక్కడ జరిగే భుజం మార్పిడులలో సగానికి పైగా ఈ తరహావే. వృద్ధులలో ముక్కలైన భుజానికి, పాత కృత్రిమ కీలు విఫలమైనవారికి కూడా దీన్ని వాడుతున్నారు.

గ్రామోఁ పరిష్కారానికి మూల్యం లేకపోలేదు. కేంద్రాన్ని లోపలికి జరిపితే గిన్నె అంచు రెక్క ఎముక కింది భాగాన్ని రాసి గాడి చేస్తుంది. భుజం తిప్పే శక్తి కూడా తగ్గుతుంది. ఫ్లోరిడాలో మార్క్ ఫ్రాంకిల్ నమూనాలు, నీస్ నగరంలో పాస్కల్ బ్వాలో ఎముక ముక్కను బంతి వెనుక అమర్చే పద్ధతి కేంద్రాన్ని మళ్ళీ కొంత బయటికి తెచ్చాయి. బిగింపు సామర్థ్యం పెరిగినందువల్లనే అది సాధ్యమైంది. ఎంత దూరం మేలన్న చర్చ ఇంకా సాగుతూనే ఉంది.

రోగికీ అతని కుటుంబానికీ ఈ చరిత్ర ఇచ్చే ఎరుక ఒకటుంది. ఈ కీలు చిరిగిన కఫ్‌ను తిరిగి తేదు. చెయ్యి తలదాకా లేవవచ్చు గాని వీపు వెనుక ముడి వేసుకోవడం, కాలకృత్యాల తరువాత శుభ్రం చేసుకోవడం కష్టం కావచ్చు. భారమంతా డెల్టాయిడ్‌దే కనుక ఆ కండరమూ, దానికి ప్రాణమిచ్చే ఆగ్జిలరీ నరమూ పనిచేస్తున్నాయో లేదో ముందుగా పరీక్షించాలి. అవి పనిచేయకపోతే బంతిని ఎటు తిప్పి బిగించినా చెయ్యి లేవదు.