కోతి వైరస్‌ని కోసిన కత్తెర మన రక్తం దాకా ఎలా వచ్చింది

పోస్టు కొంచెం పెద్దదే, రాత్రి తీరిగ్గా చదవండి.

మొన్నామధ్య విశాఖలో మేముండే హాస్టల్‌కి సికిల్ సెల్ పరీక్ష చేసేవాళ్లు వచ్చారు. వేలికి సూది గుచ్చి రక్తం తీసుకున్నారు. నా పక్క మంచం కుర్రాడికి పాజిటివ్ అన్నారు. పాజిటివ్ అంటే ఏంటో ఎవరూ చెప్పలేదు. వాడు రెండ్రోజులు అన్నం ముట్టలేదు. వాడికున్నది జబ్బు కాదని, అమ్మానాన్నల్లో ఒకరి నుంచి వచ్చిన ఒక్క సికిల్ జన్యువు మాత్రమేనని తర్వాత తెలిసింది. దాన్ని ట్రెయిట్ అంటారు. ఈలోపు ఎవడో "ఏజెన్సీవోళ్ల రక్తమే అంత" అనేశాడు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఆ మాటకి జవాబేంటో చూద్దామని లైబ్రరీలో కూర్చుంటే, కథ బాక్టీరియా దగ్గర మొదలైంది.

వైరస్‌లు మనుషుల్నే కాదు, బాక్టీరియాని కూడా పట్టుకుంటాయి. బాక్టీరియా ఊరుకోదు. లోపలికొచ్చిన వైరస్ డీఎన్‌ఏని ముక్కలు చేసే ఎంజైమ్‌లు దాని దగ్గర ఉంటాయి. మరి సొంత డీఎన్‌ఏ తెగిపోదా? ఊరుమ్మడి మందలో ఎవరి పశువులకి వాళ్లు గుర్తు పెట్టుకున్నట్టు, బాక్టీరియా తన డీఎన్‌ఏకి ముందే గుర్తు పెట్టుకుంటుంది. 1960లలో జెనీవాలో వెర్నర్ ఆర్బర్ ఈ సంగతి విప్పి చెప్పాడు. 1970లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో హామిల్టన్ స్మిత్ వాళ్లు, ఎప్పుడూ ఒకే రకం ఆరక్షరాల వరుస దగ్గర మాత్రమే కోసే ఎంజైమ్‌ని పట్టుకున్నారు. వీటినే రెస్ట్రిక్షన్ ఎంజైమ్‌లు అంటారు.

అదే యూనివర్సిటీలో డేనియల్ నాథన్స్ అనే ఆయన ఉండేవాడు. రష్యా నుంచి వలసొచ్చిన యూదు కుటుంబంలో తొమ్మిదిమంది పిల్లల్లో ఆఖరివాడు. ఆయన ఇజ్రాయెల్‌లో ఉన్నప్పుడు స్మిత్ ఈ ఎంజైమ్ గురించి ఉత్తరం రాశాడు. దీంతో వైరస్‌ని కోస్తే ఎలా ఉంటుందని ఈయనకి ఆలోచన వచ్చింది. ఎంచుకున్నది ఎస్‌వీ40 అనే కోతి వైరస్. అది బయటపడిందే పోలియో టీకా కోసం వాడిన కోతుల మూత్రపిండాల కణాల్లో. ఆ రోజుల్లో టీకాల కోసం అమెరికాకి పోయిన రీసస్ కోతులు ఎక్కువగా మన దేశంవే.

1971లో నాథన్స్, ఆయన విద్యార్థిని కాథ్లీన్ డానా ఆ వైరస్ డీఎన్‌ఏని కోస్తే 11 ముక్కలైంది. మొత్తం కలిపి సుమారు 5,200 అక్షరాలే. ముక్కల్ని జెల్‌లో పెట్టి కరెంటు ఇస్తే చిన్నవి ముందుకి పోతాయి, పెద్దవి వెనకబడతాయి. ఏ ముక్క పక్కన ఏది ఉండేదో తేల్చి మ్యాప్ గీశారు. వైరస్ తన డీఎన్‌ఏని కాపీ చేసుకోవడం ఎక్కడ మొదలుపెడుతుందో ఆ మ్యాప్ మీదే గుర్తించారు. జన్యువులకి చిరునామా దొరకడం అలా మొదలైంది. 1978లో ఆర్బర్, నాథన్స్, స్మిత్‌లకి నోబెల్ వచ్చింది. 1971 నాటి పేపర్లో మొదటి పేరు డానాదే, బహుమతిలో మాత్రం ఆమె లేదు. ఇది నాకు మింగుడుపడలేదు.

అదే 1978లో కాలిఫోర్నియాలో కాన్, డోజీ అనే ఇద్దరు ఈ కత్తెరని సికిల్ సెల్ మీదకి తెచ్చారు. జన్యువు పక్కన కోత ఎక్కడ పడుతుందో చూసి, కడుపులో ఉన్న బిడ్డకి జబ్బు ఉందో లేదో చెప్పే దారి చూపించారు. 1982కి ఇంకా సూటిగా కుదిరింది. మామూలు జన్యువులో ఒకచోట సి సి టి జి ఎ జి జి అని ఉంటుంది. ఎంఎస్‌టీ-2 అనే ఎంజైమ్ అక్కడ కోస్తుంది. సికిల్ జన్యువులో ఆ ఎ బదులు టి ఉంటుంది. అంతే, కత్తెర దాన్ని గుర్తుపట్టదు, ముక్క పొడుగ్గా మిగిలిపోతుంది. ఒక్క అక్షరం తేడా!

ఇప్పుడు మన సంగతికొస్తాను. మన దేశంలో సికిల్ సెల్ 1952లో నీలగిరి కొండల గిరిజనుల్లో, అస్సాం తేయాకు తోటల కూలీల్లో బయటపడింది. ఇది ఆఫ్రికా నుంచి వచ్చిందా అని చాలాకాలం వాదన నడిచింది. తేల్చింది ఈ కత్తెరే. జన్యువు చుట్టుపక్కల ఎక్కడెక్కడ కోతలు పడుతున్నాయో వరసగా చూస్తే, ఇంటి చుట్టూ ఉన్న చెట్టూ పుట్టా గట్టూ చూసి ఊరు గుర్తుపట్టినట్టు, ఆ జన్యువు ఎక్కడిదో తెలుస్తుంది. ఒడిశాలో, తూర్పు సౌదీలో కనిపించిన వరస ఆఫ్రికా వరసలతో కలవలేదని 1986లో కులోజిక్ బృందం రాసింది. అంటే ఈ మార్పు ఆసియాలో విడిగా పుట్టింది. 1989లో నీలగిరి గిరిజనుల్ని, మన ఆంధ్ర గిరిజనుల్ని పరీక్షిస్తే ఎక్కువగా అదే వరస.

ఆ 1989 పేపర్ ఇంకో అడుగు ముందుకేసి, భారత గిరిజనులందరి మూలం ఒక్కటే అంది. నేను దీనికి ఒప్పుకోను. గదబల గుతోబ్ ముండా భాష, కోందుల కువి ద్రావిడ భాష. జన్యువు కథ ఒకటైతే జనం కథ ఒకటే అయిపోదు. పెళ్లిళ్ల వల్ల జన్యువు ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది, మలేరియా ఉన్నచోట నిలబడుతుంది. ఒక్క సికిల్ జన్యువు ఉన్నవాళ్లకి తీవ్ర మలేరియా నుంచి రక్షణ ఉంటుందని 1954లోనే ఆలిసన్ చూపించాడు. రంప పితూరీ అణచడానికొచ్చిన తెల్లవాళ్ల సిపాయిల్ని మంచాన పడేసింది మన్యం జ్వరమే. అదే జ్వరం మధ్య తరతరాలు బతికిన మన పెద్దల్లో ఈ జన్యువు మిగిలింది. మన దగ్గరే కాదు, గ్రీసులో ఉంది, సౌదీలో ఉంది, మన దేశంలో గిరిజనేతర కులాల్లోనూ ఉంది. "ఏజెన్సీవోళ్ల రక్తం" అన్నవాడికి ఇదే నా జవాబు.

అలాగని తేలిగ్గా తీసుకోవద్దు. మన వరసవాళ్లలో పసిబిడ్డ హిమోగ్లోబిన్ ఎక్కువగా మిగులుతుంది కాబట్టి చాలామందికి జబ్బు కొంత నెమ్మదిగా ఉంటుంది, అందరికీ కాదు. ఇద్దరు ట్రెయిట్ వాళ్లు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అందుకే క్యాంపులో పాజిటివ్ అంటే అక్కడితో ఆగకండి. ట్రెయిటా, జబ్బా తేల్చే రెండో పరీక్ష అడిగి చేయించుకోండి, కాగితం దాచుకోండి.

మావోడికి ఇదంతా నోట్‌బుక్‌లో బొమ్మలేసి చెప్పాను. సగం విని, "మరి మా చెల్లికి ఎలా తెలుస్తాది?" అన్నాడు. సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు చెల్లిని, అమ్మానాన్నల్ని పాడేరు ఆసుపత్రికి తీసుకెళ్తాడట. నేను కూడా వెళ్తున్నా. నాకు నెగెటివే, తోడు కోసం.