నేర్చుకున్నవాడే నేర్పాలి: మార్లవాయి చెప్పే చరిత్ర

మన ఆదివాసీ సమాజంలో నేర్పడం కొత్తగా వచ్చిన పని కాదు. పెర్సపేన్ పూజలో కిక్రి వాయిస్తూ వంశచరిత్ర పాడే పర్ధాన్ ఆ పాటను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. తండ్రి పక్కన కూర్చుని, విని, తప్పు పాడినప్పుడు దిద్దించుకుని నేర్చుకున్నాడు. ఈ పద్ధతి అక్షరాల చదువులోకి ఎలా వచ్చిందో తెలియాలంటే మార్లవాయి కథ తెలుసుకోవాలి.

1940లో జోడేఘాట్ కొండల్లో కుమురం భీం అమరుడయ్యాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవలసిన అవసరం నిజాం ప్రభుత్వానికి వచ్చింది. ఆ పని ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు అప్పగించారు. ఆయన, భార్య బెట్టి ఎలిజబెత్ మార్లవాయి గూడెంలోనే మకాం పెట్టి మనవాళ్ల మధ్య బతికారు. భూమికి పట్టా లేకపోవడం, అడవి మీద ఆంక్షలు, షావుకార్ల అప్పులు అన్నీ ఆయన కళ్లారా చూశారు. చదవలేనివాడికి తన పేరు మీద ఉన్న కాగితం కూడా ఆసరా కాదని గ్రహించారు.

1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. బయటి నుంచి పంతుళ్లను తేవచ్చు. కానీ గోండి రాని పంతులు, గోండి తప్ప మరో భాష రాని పిల్లవాడు ఎదురెదురుగా కూర్చుంటే చదువు ఎక్కడ సాగుతుంది? అందుకే అంతో ఇంతో మరాఠీ అక్షరాలు వచ్చిన గోండు యువకులను వెతికి, వారికే శిక్షణ ఇచ్చి గూడేలకు పంతుళ్లుగా పంపారు. వారికి తెలిసిన దేవనాగరి లిపిలోనే గోండి వాచకాలు తయారయ్యాయి. పాఠం చెప్పేవాడు మనవాడు, పాఠం మన మాట. ఆ కేంద్రంలో చదివినవారిలో కొందరు తర్వాత ప్రభుత్వ కొలువుల్లోకి కూడా వెళ్లారు. గోండి నేర్చుకుని పనిచేసిన అధికారి సేతుమాధవరావు పగడి పేరునూ ఇక్కడ తలచుకోవాలి.

1956లో రాష్ట్రాలు భాషలవారీగా ఏర్పడ్డాక బడి భాష తెలుగైంది. గోండి వాచకాలు మూలపడ్డాయి. అయినా అక్షరం తిరిగి వెనక్కి పోలేదు. 1987లో కన్నుమూసిన బెట్టి ఎలిజబెత్‌ను మార్లవాయిలోనే సమాధి చేశారు. ఏటా జనవరి 11న అక్కడ హైమన్‌డార్ఫ్ దంపతులను మనవాళ్లు స్మరించుకుంటున్నారు.

అదే మార్లవాయి మనకు మరో గురువును ఇచ్చింది. గుస్సాడీ కనకరాజు గారు. దండారి ఆటను ఢిల్లీ దాకా తీసుకెళ్లిన ఆయన అంతటితో ఆగలేదు. నెమలి పింఛాల టోపీ ఎలా ధరించాలో, అడుగు ఎలా వేయాలో, దీక్షను ఎలా పాటించాలో యువకులకు నేర్పారు. 2021లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో ఆయన మనల్ని విడిచి వెళ్లినా, ఆయన దగ్గర నేర్చుకున్నవారి కాళ్లలో ఆ ఆట ఉంది.

గుంజాల గోండి లిపి సంగతీ అంతే. ఆ రాతప్రతులను చదవగలిగిన కొద్దిమంది పెద్దలు పిల్లలకు నేర్పకపోతే, 2018లో యూనికోడ్‌లో చోటు దొరికినా ఆ లిపి కాగితాలకే పరిమితమయ్యేది.

ఇప్పుడు మనలో టీచర్లు, నర్సులు, ఇంజనీర్లు, అధికారులు ఉన్నారు. ఆశ్రమ పాఠశాల నుంచి కాలేజీకి వెళ్లే మన పిల్లవాడికి మాత్రం కులధ్రువీకరణ పత్రం ఎక్కడ తీసుకోవాలో, స్కాలర్‌షిప్ ఫారం ఎలా నింపాలో, పట్నం హాస్టల్లో మొదటి నెల ఎలా నెట్టుకురావాలో చెప్పే మనిషి ఇంకా దొరకడం లేదు. మార్లవాయి తొలి పంతుళ్లు పండితులు కారు. తమకు వచ్చిన నాలుగు అక్షరాలు రానివాడికి చెప్పారు, అంతే. మనమూ ఒక్కొక్కరం ఒక్క పిల్లవాడి బాధ్యత తీసుకుందాం. వాడు ఎదిగాక మరొకరి చేయి పట్టుకోమని చెబుదాం.

జై సేవా!