పెత్తనం: ఒక మాట వెనుక మన చరిత్ర



సంగం చుట్టుపక్కల మన పేటల్లో రోజూ వినబడే మాట ఒకటుంది: పెత్తనం. "ఆయన పెత్తనం చేస్తాడు", "మన మీద వాళ్ళ పెత్తనమేంటి?" అని అంటుంటాం. ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుంటే మన యానాదుల చరిత్ర కూడా కొంత తెలుస్తుంది.

పెద్ద తండ్రిని పెత్తండ్రి అన్నట్టే, పెద్దతనం పెత్తనం అయింది. అంటే మొదట దీని అర్థం పెద్దగా ఉండటం, పెద్దగా నిలబడి బాధ్యత మోయడం. అదే 'పెద్ద' నుంచి పెద్దరికం అనే మాటా వచ్చింది. పెద్దరికం అంటే నేటికీ గౌరవమే. పెత్తనం అంటే మాత్రం ఇతరుల మీద చెలాయించేదిగా మారింది. 'కర్రపెత్తనం' అన్నప్పుడు చేతిలో ఏముందో మాటే చెబుతుంది.

తర్వాత పాలకుల భాష వచ్చి చేరింది. హుకుం అరబీ నుంచి, అజమాయిషీ పారశీకం నుంచి వచ్చినవి. పారశీక 'దార్' మన మాటకు తగులుకుని 'పెత్తందారు' అయింది. పెద్దతనం ఒక హోదాగా, ఒక ఆస్తిగా మారిన తీరు ఈ పదంలో కనబడుతుంది.

మనవాళ్ళకూ కులపెద్దలున్నారు. తగాదా వస్తే పెద్దలు కూర్చుని మాట్లాడేవారు. పెన్నా ఒడ్డున చేపలు పట్టినా, వరి గట్ల మీద ఎలుకలు పట్టినా, పంటకు కావలి కాసినా మన బతుకు మనది. ఊరి సొత్తుకు కాపలా ఉన్నవాళ్ళం మనం.

అలాంటి మన మీదే దొంగలన్న ముద్ర పడింది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. తప్పు చేశావా అని అడగకుండా, ఏ జాతిలో పుట్టావని చూసి పేరు రాసుకునే చట్టం అది. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. మన జిల్లాలోనే బిట్రగుంట దగ్గర కప్పరాళ్ళతిప్పలో అలాంటి సెటిల్‌మెంటు నడిచింది. పెత్తనం అనే మాటకు ఇంతకంటే కఠినమైన అర్థం మనకు తెలియదు.

ఆ చట్టాన్ని ఎదిరించినవారిలో వెన్నెలకంటి రాఘవయ్య గారిని మనం మరువరాదు. యానాదుల కోసం ఆయన ఏళ్ళ తరబడి పనిచేశారు, 1962లో మన గురించి ఒక గ్రంథమూ ప్రచురించారు. 1952 ఆగస్టు 31న నేరస్థ జాతుల చట్టం దేశమంతటా రద్దయింది. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. అప్పు పేరుతో మనిషిని కట్టిపడేయడం నేరమని చెప్పిన చట్టమది.

చట్టాలు వచ్చినా అలవాట్లు అంత త్వరగా పోవు. అడ్వాన్సు ఇచ్చినాయన, కాగితం రాసేవాడు, మన తరఫున మాట్లాడతానని ముందుకొచ్చేవాడు, ఇలా ఇప్పటి పెత్తనాలు వేరే రూపంలో ఉన్నాయి. కులధ్రువపత్రం, రేషన్ కార్డు, ఇంటి పట్టా మన చేతిలో లేనంతకాలం ఎవరో ఒకరు మన మీద పెద్దగానే ఉంటారు. అందుకే సంతకం పెట్టేముందు చదవండి. చదవలేని అవ్వాతాతలకు చదివి వినిపించండి. గ్రామసభకు వెళ్ళి మాట్లాడండి.

మరొక మాట. చదువుకున్న మనమే రేపు మన పేటలో పెత్తందారులం కాకూడదు. మన ఆడబిడ్డల మాట వినకుండా, ముసలివాళ్ళను పక్కన పెట్టి మనమే తీర్మానాలు చేస్తే, కర్ర చేతులు మారిందంతే. పెత్తనం వద్దు, పెద్దరికం కావాలి. రెండూ ఒకే మాట నుంచి పుట్టినవే. ఏది నిలవాలో ఇకపై మీరే తేల్చాలి.