వేగ విండ్‌సర్ఫింగ్

ఒక పలక మీద నిలబడి, దానికి అమర్చిన తెరచాపను చేతులతో పట్టుకొని, గాలి శక్తితో నీటిపై సాగిపోయే క్రీడను విండ్‌సర్ఫింగ్ అంటారు. నిర్ణీత దూరాన్ని వీలైనంత ఎక్కువ సగటు వేగంతో దాటడమే లక్ష్యంగా గల దాని విభాగం వేగ విండ్‌సర్ఫింగ్. ఇందులో ఇంజను ఉండదు. కాబట్టి క్రీడాకారుని నేర్పుతో పాటు గాలి, నీరు, పరికరాల అమరిక అనే మూడూ కుదిరినప్పుడే వేగం సాధ్యమవుతుంది.

చరిత్ర

తెరచాప వాహనాల వేగ రికార్డులను గుర్తించే ప్రపంచ మండలి 1972లో ఏర్పడింది. 500 మీటర్ల దూరంలో సాధించిన సగటు వేగం దీనికి ప్రధాన కొలమానం. వేగాన్ని నాట్లలో చెబుతారు. ఒక నాట్ గంటకు 1.852 కిలోమీటర్లకు సమానం.

1986లో ఫ్రాన్సు దేశస్థుడు పాస్కల్ మాకా, కానరీ దీవులలోని ఫుయెర్తెవెంతురా వద్ద 38.86 నాట్ల వేగం సాధించాడు. పెద్ద తెరచాప పడవల పేరిట ఉన్న రికార్డును ఒక విండ్‌సర్ఫింగ్ పలక అధిగమించడం అదే మొదటిసారి. తరువాత ఫ్రాన్సులోని సెయింత్ మారీ ద లా మేర్ వద్ద తవ్విన కాలువలో 1993లో థియరీ బీలక్ 45.34 నాట్లు, 2005లో ఫినియన్ మేనార్డ్ 48.70 నాట్లు, 2008లో ఆంత్వాన్ అల్బో 49.09 నాట్లు నమోదు చేశారు. 2015లో నమీబియాలోని లూడెరిట్జ్ కాలువలో అల్బో 53.27 నాట్ల (గంటకు సుమారు 98.7 కి.మీ.) వేగాన్ని అందుకున్నాడు. ఆ వేగంతో 500 మీటర్లు దాటడానికి 18 సెకన్లకు కొద్దిగా ఎక్కువ సమయం చాలు.

పరికరాల అమరిక

* తెరచాప: దీనిని మాస్ట్ వెంట కిందికి లాగి బిగించే తాడు అన్నింటికంటే ముఖ్యమైనది. దీనిని తగినంత బిగిస్తే తెరచాప పైభాగపు వెనుక అంచు వదులవుతుంది. గాలి ఉధృతి పెరిగినప్పుడు ఆ భాగం మెలితిరిగి అదనపు గాలిని వదిలివేస్తుంది. బిగింపు చాలకపోతే తెరచాప చేతులకు బరువుగా తోస్తుంది. మరీ ఎక్కువైతే శక్తి తగ్గుతుంది. బూమ్ చివర ఉన్న తాడును బిగిస్తే తెరచాప చదునవుతుంది, వదులు చేస్తే లోతు పెరిగి లాగే బలం హెచ్చుతుంది.
* మాస్ట్ పాదం: దీనిని ముందుకు జరిపితే పలక అదుపులో ఉంటుంది. వెనుకకు జరిపితే నీటిని తాకే భాగం తగ్గి వేగం పెరుగుతుంది, కానీ పలక ముందు భాగం గాలికి లేచే ప్రమాదం ఉంది.
* ఫిన్: పలక అడుగున ఉండే ఈ రెక్క పక్కకు జారకుండా ఆపుతుంది. వేగం పెరిగేకొద్దీ చిన్న ఫిన్ సరిపోతుంది. పెద్దదైతే నీటి నిరోధం పెరుగుతుంది. మరీ చిన్నదైతే పట్టు తప్పి పలక వెనుక భాగం పక్కకు జారిపోతుంది.
* నడుము పట్టీ తాళ్ళు: రెండు చేతుల మీదా లాగుడు సమానంగా ఉండే చోట వీటిని కట్టాలి.

ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. కావున ఒక్కొక్క మార్పు చేసి, ప్రతిసారీ వేగాన్ని పోల్చి చూడడం మంచి పద్ధతి.

అనుకూల పరిస్థితులు

గాలికి ఎదురుగా గానీ, గాలి వెళ్ళే దిశలోనే సూటిగా గానీ పోతే అత్యధిక వేగం రాదు. గాలి వచ్చే దిశ నుండి సుమారు 120 నుండి 135 డిగ్రీల కోణంలో సాగినప్పుడు వేగం ఎక్కువగా ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ క్రీడాకారునికి తగిలే గాలి ముందు వైపు నుండి వస్తున్నట్లుగా మారుతుంది. వేగ పోటీలలో చదునైన తెరచాపలు వాడడానికి ఇది ఒక కారణం.

గాలి బలంగా ఉండాలి, నీరు మాత్రం నిశ్చలంగా ఉండాలి. గాలి నీటిపై ఎంత దూరం వీస్తే అలలు అంత పెరుగుతాయి. అందుచేత గాలి వచ్చే వైపున తక్కువ ఎత్తు గల గట్టు లేదా ఇసుక తిన్నె ఉన్న స్థలాలను ఎంచుకుంటారు. గట్టును ఆనుకొని సాగితే అలలు పెరిగే చోటు ఉండదు. ఎత్తైన చెట్లు, భవనాలు ఉంటే గాలి సుడులు తిరిగి అస్థిరమవుతుంది. లూడెరిట్జ్‌లో చల్లని సముద్రానికీ వేడెక్కిన నమీబ్ ఎడారికీ మధ్య గల ఉష్ణోగ్రతా భేదం వలన గాలులు మరింత బలపడతాయి.

వేగాన్ని కొలవడం

అధికారిక రికార్డులకు నిర్దేశించిన దూరంపై సమయాన్ని లెక్కిస్తారు. సాధన చేసేవారు జీపీఎస్ పరికరాన్ని ధరిస్తారు. క్షణకాలపు గరిష్ఠ వేగంలో పొరపాట్లకు అవకాశం ఎక్కువ. అందువలన 10 సెకన్ల సగటు వంటివి మరింత నమ్మదగినవి.

జాగ్రత్తలు

నిశ్చలమైన నీటిని ఇచ్చే పరిస్థితులే ప్రమాదాన్ని కూడా తెస్తాయి. నేల నుండి సముద్రం వైపు వీచే గాలిలో తీరం దగ్గర నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది. కానీ మాస్ట్ విరిగినా, తాడు తెగినా క్రీడాకారుడు తీరానికి దూరంగా కొట్టుకుపోతాడు. లోతు తక్కువైన చోట ఫిన్ నేలకు తగిలితే పలక ఒక్కసారిగా ఆగి, మనిషి ముందుకు విసిరివేయబడతాడు. కనుక నీటి లోతును ముందుగా పరీక్షించడం, శిరస్త్రాణం, తేలే కోటు ధరించడం, తోడు లేకుండా నీటిలోకి దిగకపోవడం అవసరం.