తుపాను రాకడ

మనము బంగాళాఖాతమున తుపానని పిలుచు గాలివాననే పసిఫిక్ మహాసముద్రపు పడమటి భాగమున టైఫూను అందురు. ఆ టైఫూనుల దారికి ఫిలిప్పీన్ దీవులు వాకిలివలె నిలిచియున్నవి. నడిసముద్రమున బుట్టిన తుపానును కనిపెట్టి, అది తీరము జేరకముందే జనులను మేల్కొలుపు విద్య అక్కడ ఎట్లు పెరిగినదో, ఎచ్చట తడబడినదో నేడు ముచ్చటించుకొందము.

1865లో జెస్యూటు మతగురువులు మనీలా నగరమున ఒక వేధశాలను నెలకొల్పిరి. ఫెడెరికో ఫౌరా అను గురువు అచ్చట భారమితి పడుటను, మింట నూలుపోగులవంటి మేఘములు సాగు దిక్కును, గాలి మరలు తీరును ఓపికతో గమనించుచు వచ్చెను. ఉత్తర లూజాను మీదుగా టైఫూను పోగలదని 1879 జూలై 7న ఆయన ముందుగా ప్రకటించెను. ఆ దీవులలో అదియే తొలి హెచ్చరిక. మరుసటి యేట సముద్రగర్భపు తంతి ఆ దీవులను హాంకాంగుతో గలిపెను. అంతట ఒక తీరమున గనిపించిన చిహ్నము గడియలలో వేరొక తీరమునకు తెలియసాగెను.

1897 అక్టోబరులో సమారు, లేటే దీవులపై ఘోరమైన టైఫూను విరుచుకుపడెను. గాలితోబాటు సముద్రమును గట్టు దాటి ఊళ్లను ముంచెను. ఆ వేధశాలకే చెందిన హోసే ఆల్గే దానిని గూర్చి ఒక గ్రంథమే వ్రాసెను. అయినను, గ్రంథమున నిలిచినది జనుల నోట నిలువలేదు.

116 ఏండ్ల పిమ్మట, 2013 నవంబరులో, హయ్యాను అను టైఫూను ఆ దారినే వచ్చెను. ఈ మారు కృత్రిమ ఉపగ్రహములు దానిని పుట్టినది మొదలు కనిపెట్టియుండెను. అది గంటకు 300 కిలోమీటర్లకు మించిన వేగముతో వీచునని అంచనా కట్టిరి. ఎచ్చట తీరము దాటునో ముందే చెప్పిరి. 7 మీటర్ల వరకు నీరు లేవవచ్చుననియు హెచ్చరించిరి. ఆ హెచ్చరికలో వాడిన మాట "స్టార్మ్ సర్జ్" అను ఇంగ్లీషు పదము. అది ఎట్టి యాపదయో తీరవాసులలో అనేకులకు బోధపడలేదు. 'సునామీ యని చెప్పియున్న పారిపోయి యుందుము' అని బ్రతికినవారు పలువురు తరువాత వాపోయిరి.

నవంబరు 8 తెల్లవారుజామున తుపాను గీవాను పట్టణము కడ తీరము దాటెను. లేటే సింధుశాఖ కొసనున్న టాక్లోబాను నగరము వైపునకు గాలి నీటిని త్రోసికొనిపోయెను. లోతు తక్కువైన యిరుకు ఖాతమున ఆ నీరు గోడవలె లేచెను. ఆశ్రయమని చేరిన కట్టడములు కొన్నింటిలోనికే నీరు చొచ్చెను. మొత్తముమీద 6,300 మంది మరణించినట్లు ప్రభుత్వము లెక్కించెను.

శ్రోతలారా! తెనుగున దీనికి ఉప్పెన యను చిన్న మాట గలదు. 1864లో మచిలీబందరును, 1977లో దివిసీమను ముంచిన నీరు ఆ మాటకు అర్థము నేర్పినది. మాట యున్నంత మాత్రమున ప్రాణము నిలువదని దివిసీమయే సాక్షి. అయినను, మాట లేనిచో మేల్కొలుపునకు దారియే లేదు.

2014 డిసెంబరులో హాగుపిట్ అను మరియొక టైఫూను సమారు దీవిని తాకెను. అది హయ్యానంత బలమైనది కాదు. కాని ఈ మారు జనులు లక్షలకొలది ముందే యిండ్లు విడిచి మెరకకు చేరిరి. ప్రాణనష్టము మిక్కిలి తక్కువయ్యెను. భారమితి చెప్పినను, ఉపగ్రహము చెప్పినను, తుపాను జాడ తీరమున నున్న జాలరి గుడిసెలోని తల్లికి అర్థమైన నాడే ఆ విద్య సఫలము.