అభయము - అశ్వము

శబరీ తీరమున నున్న కొంటా బస్తరు సీమకు తెలుగు వాకిలి. 1323లో ఓరుగల్లు పతనమైన పిదప ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఆ సీమలో రాజ్యము స్థాపించెనని ఐతిహ్యము.

ఆ కాకతీయుల సేనకు అశ్వము ప్రాణము. పూర్వరాజులు తుపానున చిక్కిన ఓడలనుండి ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను బలిమితో హరించెడివారు. గణపతిదేవుడు 1244 నాటి మోటుపల్లి అభయశాసనముతో ఆ దుర్నయమును మాన్పి, సుంకము మాత్రమే గ్రహించెను.

గుఱ్ఱము లభించిన చాలదు. అది రౌతును నమ్మవలెను. అమరకోశము ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము అని అశ్వగతులైదింటిని పేర్కొన్నది. నేటి మూడు దినముల అశ్వారోహణ పోటీయు గుఱ్ఱపు బహుముఖ శిక్షణకు పరీక్షయే. ఒకే రౌతు, ఒకే గుఱ్ఱము: మొదట గతివిన్యాసము, పిమ్మట మిట్టపల్లములు, నీటిమడుగులు దాటు దూరపు పరుగు, తుదకు అడ్డుకఱ్ఱల లంఘనము. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలలో రఘుబీర్ సింగ్ ఇందు స్వర్ణపతకము గెలిచెను. భారత జట్టునకును స్వర్ణమే లభించెను.

కాకతీయుల అశ్వసేన చరిత్రలో కలిసిపోయినది. బస్తరు శిల్పులు మాత్రము నేటికిని మట్టిగుఱ్ఱములను మలచుచున్నారు. భక్తులు వానిని వేల్పులకు సమర్పింతురు. రేవునకు ఓడ చేరుటకైనను, అడ్డుకఱ్ఱపైకి గుఱ్ఱము లేచుటకైనను అభయమే మూలము.